కోనసీమ ప్రభల తీర్థానికి పిల్లాపాపలతో వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతికి వారం ముందు నుంచీ అవే సందేహాలు. ఏ రోజు, ఎన్నింటికి, చంటిపిల్లతో వెళ్ళొచ్చా, కారు ఎక్కడ పెట్టాలి, తీర్థంలో అమ్మే జీళ్ళు (నువ్వులద్దిన పాకం మిఠాయి) తింటే పళ్ళు ఊడతాయా. అన్నిటినీ ఒకచోట చేర్చాం. వరసగా చదవనక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి. ఇందులో చెప్పేది ముఖ్యంగా ఊళ్ళల్లో జరిగే చిన్న తీర్థాల సంగతి.

## బయల్దేరక ముందు

తీర్థం, తిరనాళ్ళు, జాతర అన్నీ ఒకటేనా?

చాలావరకు ఒకటే, ప్రాంతాన్నిబట్టి పేరు మారుతుంది. గుంటూరు వైపు తిరనాళ్ళు, తెలంగాణలో జాతర, కోనసీమలో తీర్థం. కోనసీమ చుట్టాలు "తీర్థానికి రండి" అన్నారంటే తువ్వాలు పట్టుకుని గోదావరి స్నానానికి బయల్దేరకండి. దేవుడు, జీళ్ళు, గాజులు, రంగులరాట్నం అని అర్థం.

ప్రభ అంటే ఏంటి? కోటప్పకొండ ప్రభల్లాంటివేనా ఇవి?

వెదురు బద్దలతో కట్టిన ఎత్తైన చట్రం. దానికి రంగురంగుల బట్టలు, నూలు, పూలు చుట్టి, మధ్యలో ఉత్సవమూర్తిని పెడతారు. శివుడి రూపంగా, వీరభద్రుడి అంశగా కొలుస్తారు. కోటప్పకొండ ప్రభలు మహాశివరాత్రికి బండ్లమీద వస్తాయి, కరెంటు దీపాలతో వెలుగుతాయి. కోనసీమ ప్రభలు సంక్రాంతివి. వీటిని మనుషులు భుజాలమీద మోస్తారు, పగలే చూడాలి. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్ళింది ఈ ప్రభల తీర్థమే.

ఏ రోజున వెళ్ళాలి? ప్రతి ఊళ్ళోనూ ఒకే రోజా?

కాదు. పెద్ద తీర్థాలు ఎక్కువగా కనుమ నాడు. చాలా ఊళ్ళు ముక్కనుమ నాడు పెట్టుకుంటాయి. కొన్నిచోట్ల సంక్రాంతి నాడే. భోగి కొన్నేళ్ళు జనవరి 13న, కొన్నేళ్ళు 14న పడుతుంది కాబట్టి తారీకు చూసి టికెట్లు తీసుకోకండి. ఆ ఏటి పంచాంగం చూసుకుని, ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఫోన్ చేసి "ప్రభ ఏ రోజు, గుడి దగ్గర ఎన్నింటికి ఎత్తుతారు" అని రెండూ అడగండి. రెండోది అడగనివాళ్ళు ప్రభలు చేరే తోటని ఖాళీగా చూసి వెనక్కి రావడం ఏటా ఉండేదే.

జగ్గన్నతోటకే వెళ్ళాలా? చిన్న ఊరి తీర్థం చూస్తే చాలదా?

అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో కనుమ నాడు చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు, అంటే ఏకాదశ రుద్రులు, ప్రభలమీద వచ్చి కలుస్తారు. అక్కడ గుడి ఉండదు, కొబ్బరితోటే కొలువు. వ్యాఘ్రేశ్వరం ప్రభ రాగానే మిగతా ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకెత్తి గౌరవిస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలవ దాటి వచ్చేటప్పుడు మోసేవాళ్ళు నీళ్ళలోకి దిగుతారు. జీవితంలో ఒక్కసారైనా చూడాల్సిందే.

కానీ ఆరేళ్ళలోపు పిల్లలుంటే మా ఓటు చిన్న ఊరి తీర్థానికే. జగ్గన్నతోటలో మీ పిల్లాడికి కనిపించేది ముందున్నవాళ్ళ వీపులు. చిన్న తీర్థంలో ప్రభ పది గజాల దూరంలోంచి వెళ్తుంది, జీళ్ళు లాగడం దగ్గరుండి చూడొచ్చు, అరగంటలో కారు రోడ్డెక్కుతుంది. పెద్దవాళ్ళు ఇద్దరే వచ్చే ఏడాది జగ్గన్నతోట పెట్టుకోండి.

కనుమ నాడు ప్రయాణం చేయకూడదంటారు కదా, మరి తీర్థానికి ఎలా వెళ్తారు?

"కనుమ నాడు కాకి కూడా కదలదు" అన్నమాట పండక్కి వచ్చిన అల్లుడు, కూతురు ఆ రోజే తిరుగు ప్రయాణం కట్టకూడదని. పక్క ఊరి తీర్థానికి వెళ్ళి రాత్రికి ఇంటికి చేరడానికి పట్టింపు లేదు, తీర్థాలు పెట్టుకున్నదే ఆ రోజున. అమ్మమ్మగారు అభ్యంతరం పెడితే గారెలు తిని బయల్దేరతామని చెప్పండి, సగం మెత్తబడతారు.

ఎన్నింటికి చేరితే బాగుంటుంది?

ప్రభలు తోటకి చేరే వేళకి గంటన్నర ముందు. చాలా ఊళ్ళలో ప్రభలు మధ్యాహ్నం దాటాక వస్తాయి, పొద్దు వాలేలోపు తిరుగుముఖం పడతాయి. జనవరి మధ్యలో కోనసీమలో సాయంత్రం 5:45 ప్రాంతానికే పొద్దుగూకుతుంది. ఆ గంటన్నరలో రాట్నం, గాజులు, కొనుగోళ్ళు ముగించుకుంటే ప్రభలు వచ్చేటప్పుడు పిల్లలు "అది కావాలి" అని చెయ్యి లాగకుండా చూస్తారు. ప్రభలతోపాటే చేరితే ఊరి బయటే ఆగిపోతారు, ప్రభ వెళ్ళే దారీ మీ దారీ ఒకటే కాబట్టి.

చంటిబిడ్డతో వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, రెండు జాగ్రత్తలతో. మొదటిది చప్పుడు. డప్పులు, తాషాలు, మైకు సెట్లు, బూరలు అన్నీ ఒకేసారి మోగుతాయి. మేళానికి కనీసం ముప్పై అడుగుల దూరంలో ఉండండి, స్పీకరు బాక్సు ముందు అసలు నిలబడకండి. బిడ్డ చెవిలో దూది కుక్కితే చప్పుడు పెద్దగా తగ్గదు, పైగా లోపలికి పోతుంది. చెవులమీద పెట్టే, చప్పుడు తగ్గించే ఇయర్‌మఫ్‌లు ఉంటే అవి మేలు. రెండోది బండి. తోపుడు బండి చక్రాలు ఇసకలో, కొబ్బరి మట్టల మధ్య కదలవు. ఎత్తుకునే సంచీ కట్టుకోండి. ఆర్నెల్లలోపు బిడ్డయితే ఇంట్లో ఒకరు ఉండిపోవడమే మంచిది.

సంచిలో ఏం పెట్టుకోవాలి?

మనిషికి లీటరు చొప్పున కాచి చల్లార్చిన నీళ్ళు. పిల్లలకి ఒక జత బట్టలు, బురదలో పడనివాళ్ళు తక్కువ. పాత తువ్వాలు, రెండు ఖాళీ కవర్లు (ఒకటి తడి బట్టలకి, ఒకటి చెత్తకి), చేతులు కడుక్కునే సబ్బుబిళ్ళ, దెబ్బల పట్టీలు, ఓఆర్ఎస్ పొట్లం, చిన్న టార్చి. మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది, పొద్దుపోయాక పొలంగాలి చలి పుట్టిస్తుంది, అందుకని ఒక శాలువా. పిల్లల మెడలో, చేతులకి బంగారం వద్దు. చెప్పులు వెనక పట్టీ ఉన్నవే వేయండి. హవాయి చెప్పు బురదలో ఇరుక్కుంటే కాలొస్తుంది, చెప్పు రాదు.

ఎంత డబ్బు పట్టుకెళ్ళాలి? ఫోన్‌పే నడుస్తుంది కదా?

నలుగురికి రెండు వేలు పెట్టుకుంటే ధారాళంగా సరిపోతుంది. అందులో వెయ్యి రూపాయలు 10, 20, 50 నోట్లుగా విడిపించి ఉంచండి. స్కానర్లు అన్ని కొట్లలోనూ ఉంటాయి గానీ, ప్రభలు వచ్చే గంటలో అందరూ వీడియోలు పంపడంతో సిగ్నలు దొరకదు. "డబ్బులు కట్ అయ్యాయి, కొట్టువాడికి రాలేదు" అనే గొడవలన్నీ ఆ గంటలోవే. పదేళ్ళ పైబడ్డ పిల్లలకి వాళ్ళ వాటా ముందే చేతికిచ్చేయండి. అయిపోతే అంతేనని చెప్పాక వాళ్ళే బేరం ఆడతారు.

## దారి, బండి

హైదరాబాద్ నుంచి వస్తున్నాం. రైలు ఎక్కడిదాకా ఉంది?

అమలాపురానికి రైలు లేదు. రాజమండ్రిలోగానీ కాకినాడలోగానీ దిగి రోడ్డెక్కాలి. రాజమండ్రి నుంచి రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం రావడం అలవాటైన దారి. పశ్చిమ గోదావరి వైపు చుట్టాలుంటే పాలకొల్లు దాకా రైల్లో వచ్చి చించినాడ వంతెన మీదుగా రాజోలు వైపు రావచ్చు. నరసాపురం నుంచి సఖినేటిపల్లి పంటు (మనుషుల్ని, బండ్లని గోదావరి దాటించే పెద్ద పడవ) కూడా ఉంది. పిల్లలకి సరదాగా ఉంటుంది కానీ పండగ రోజుల్లో వరస పొడుగ్గా ఉంటుంది, పంటు తిరుగుతోందో లేదో ముందే కనుక్కోండి.

ఆడవాళ్ళకి ఉచిత బస్సు పండగ రోజుల్లో కూడా వర్తిస్తుందా?

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అమలవుతున్న స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి సర్వీసుల్లో రాష్ట్రానికి చెందిన మహిళలు టికెట్ డబ్బులు కట్టక్కర్లేదు. ఆధార్‌లాంటి గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి. హైదరాబాద్ చిరునామా ఉన్న కార్డుకి వర్తించదు, టికెట్ తీసుకోవాల్సిందే. ఎక్కేముందు కండక్టర్‌ని ఒక్కమాట అడగండి.

కారు ఎక్కడ పెట్టాలి?

ఊరికి కిలోమీటరు ముందే, మొదట కనిపించిన వెడల్పు చోట. "ఇంకాస్త ముందుకి పోదాం" అని కాలవగట్టు రోడ్డు ఎక్కితే మళ్ళీ తిప్పుకోవడానికి చోటుండదు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఇద్దరూ వెనక్కి వెళ్ళలేరు. కారు ముక్కు బయటి రోడ్డు వైపు ఉండేలా ముందే తిప్పి పెట్టండి. కాలవ వైపు చక్రాలు గట్టు అంచుకి నాలుగడుగులకన్నా దగ్గరికి రాకూడదు, తడిసిన గట్టు బరువుకి జారుతుంది.

ఇంకొక్కటి: ఎండుగడ్డి మీద ఆపకండి. కోతలయ్యాక రోడ్డు పక్కన, కళ్ళాల్లో గడ్డి పరిచి ఉంటుంది. చాలాసేపు నడిచిన బండి కింద సైలెన్సర్ గొట్టం కాలిపోతూ ఉంటుంది, గడ్డి దానికి తగిలితే అంటుకుంటుంది.

## ప్రభలు వచ్చే వేళ

ఎక్కడ నిలబడితే పిల్లలకి బాగా కనిపిస్తుంది?

ప్రభ నిలబెట్టే చోటికి ఎదురుగా కాకుండా పక్కగా, ఇరవై ముప్పై అడుగుల దూరంలో. మోసేవాళ్ళకి ముందు కనిపించదు. పైనుంచి కట్టిన తాళ్ళు పట్టుకున్నవాళ్ళు చెప్పే కేకలనిబట్టి అడుగేస్తారు. గాలి కొట్టినా, ఒకరి కాలు జారినా ప్రభ ఒక్కసారిగా పక్కకి ఒరిగి నాలుగైదు అడుగులు పరుగెత్తుతుంది. ఆ పరుగుకి చోటు వదలాలి. మీ వెనక కాలవ, ముళ్ళకంచె, కొట్టు గుంజలు ఉండకూడదు, జనం వెనక్కి తోస్తే జరగడానికి ఖాళీ ఉండాలి. పిల్లాణ్ణి భుజాలమీద ఎక్కించుకుంటే పైనున్న తీగలు, కొమ్మలు చూసుకోండి. తలమీద పండిన కాయలున్న కొబ్బరిచెట్టు ఉందేమో కూడా చూడండి, నవ్వులాట కాదు.

వాళ్ళు "అశ్శరభ శశ్శరభ" అని అరుస్తున్నారు, ఏంటది?

శరభ అంటే శివుడి ఒక అవతారం. ప్రభ ఎత్తేటప్పుడు, కాలవ దాటేటప్పుడు అందరి బలం ఒకేసారి పడాలి. ఒక గొంతు మొదలుపెట్టగానే మిగతావాళ్ళు అందుకుంటారు, ఆ ఊపులోనే ప్రభ లేస్తుంది. మీరూ అరవొచ్చు, పిల్లలకి అన్నిటికన్నా నచ్చేది అదే.

ప్రభ రాగానే కరెంటు ఎందుకు పోతుంది?

పోదు, తీసేస్తారు. ప్రభ తీగలకన్నా ఎత్తుగా ఉంటుంది. వెదురు, బట్ట పొడిగా ఉన్నా తడి తగిలితే కరెంటు పాకుతుంది. అందుకని ప్రభ దాటే దాకా ఆ లైను ఆపుతారు. ఈ కాసేపట్లో ఏటీఎం, ఫోను చార్జింగు, మోటారు రాట్నం ఏవీ పనిచేయకపోవచ్చు. ఒక లైను ఆపారు కదా అని అన్నీ ఆగాయనుకోకండి. తెగి వేలాడుతున్న తీగ ఎక్కడ కనిపించినా దూరం జరగండి.

పొలంలోకి దిగి దగ్గరగా చూడొచ్చా?

ప్రభ పొలంలోంచి వెళ్తే ఆ రైతు శుభమనుకుంటాడు. మీరు తొక్కితే అనుకోడు. జనవరిలో దాళ్వా (రెండో పంట) నాట్లు పడుతూ ఉంటాయి, నారుమళ్ళు ఉంటాయి. గట్టుమీద ఒక్కొక్కరుగా నిలబడండి. తడి మడిలో మోకాలి దాకా దిగబడుతుంది, పిల్లల్ని దింపకండి.

కొబ్బరికాయ ఎప్పుడు, ఎక్కడ కొట్టాలి?

ప్రభ నిలబెట్టి తాళ్ళు కట్టేశాక, పూజారి పిలిచినప్పుడు. కదిలే ప్రభ ముందు కాయ కొడితే చిప్ప పెంకులు మోసేవాళ్ళ కాళ్ళకి గుచ్చుకుంటాయి, వాళ్ళు చెప్పుల్లేకుండా నడుస్తారు.

## తినడం

తీర్థంలో ఏం తినొచ్చు, ఏం వద్దు?

కళ్ళముందు నూనెలోంచి తీసిన బజ్జీ, అప్పటికప్పుడు కొట్టిన కొబ్బరిబొండం, తేగ, చెరకు ముక్క, తొక్క ఒలిచే పండు తినొచ్చు. పిడతకింద పప్పు తినకపోతే తీర్థానికి వెళ్ళినట్టే కాదు. మరమరాలు, పప్పు, ఉల్లిపాయ, కారం, నిమ్మరసం మీ ముందే కలిపిస్తాడు, కలిపే చెయ్యి మాత్రం చూసుకోండి.

కోసి పరిచిన పుచ్చకాయ, బొప్పాయి ముక్కలు, ఐసు గోళా, రంగు నీళ్ళు వద్దు. ఆ ఐసు తాగేనీటితో చేసిందో కాదో కొట్టువాడికే తెలియదు. చట్నీ కొబ్బరిదైతే మధ్యాహ్నం దాటాక పుల్లబడుతుంది, వాసన చూసి వదిలేయండి. ఈగలకన్నా పాత నూనెతోనే ఎక్కువ ఇబ్బంది. మూకుడులో నూనె నల్లగా, నురగ తగ్గకుండా పొంగుతుంటే పక్క కొట్టుకి నడవండి.

తీర్థం జీళ్ళు ఎలా చేస్తారు? మంచివి ఎలా తెలుసుకోవాలి?

బెల్లం లేదా పంచదార ముదురు పాకం పడతారు. నీళ్ళలో చుక్క వేస్తే ఉండై, పళ్ళెం మీద కొడితే "టంగ్"మనాలి. నూనె రాసిన బండమీద పోసి, చెయ్యి పట్టే వేడికి రాగానే గుంజకి కొట్టిన మేకుకి తగిలించి లాగుతారు. లాగి, మడిచి, మళ్ళీ మేకుకి వేసి మళ్ళీ లాగుతారు. ముదురు గోధుమరంగు ముద్ద కళ్ళముందే పాలిపోయి పట్టుదారంలా మెరుస్తుంది. లోపలికి గాలి చేరడంవల్ల వచ్చే తెలుపు అది, రంగు కలిపింది కాదు. తర్వాత తాడులా సాగదీసి, కత్తిరించి, నువ్వుల్లో దొర్లిస్తారు.

మంచి జీడి విరిస్తే పటుక్కుమంటుంది, నోట్లో కాసేపటికి మెత్తబడుతుంది. వేలికి అంటుకుందంటే గాలికి తేమ పట్టిన పాతది. సాగదీస్తే తీగలా సాగితే పాకం ముదరలేదని. పళ్ళలో సిమెంటు నింపించుకున్నవాళ్ళు, కట్టుడు పళ్ళవాళ్ళు కొరకకుండా చప్పరించండి. నాలుగేళ్ళలోపు పిల్లలకి అసలు ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడుతుంది.

పీచుమిఠాయి పిల్లలకి కొనిపెట్టొచ్చా?

తెల్లది కొనండి. ముదురు గులాబీ రంగుదాంట్లో బట్టలకద్దే రోడమిన్-బి దొరకడంతో 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచుమిఠాయి అమ్మకాన్నే నిషేధించింది. తెల్లది యంత్రంలోంచి అప్పటికప్పుడు పుల్లకి చుట్టించుకుంటే అది పంచదార మాత్రమే. జిలేబీ, లడ్డూ మరీ పచ్చగా మెరుస్తున్నా ఇదే అనుమానం పెట్టుకోండి.

## ఆటలు, కొనుగోళ్ళు

జైంట్ వీల్ ఎక్కించొచ్చా? ఏం చూసి నమ్మాలి?

ఎక్కేముందు ఒక రౌండు ఊరికే నిలబడి చూడండి. మొదట కాళ్ళు. డెల్టా నేల మెత్తన, కాళ్ళ కింద వెడల్పాటి దుంగలు ఉండాలి, చక్రం తిరిగేటప్పుడు దుంగ నేలలోకి దిగి లేస్తుంటే ఎక్కకండి. తర్వాత డబ్బా తలుపు. గొళ్ళెం మాత్రమే కాక దానికి పిన్ను లేదా గొలుసు ఉండాలి. వైరుతో కట్టిన తలుపైతే వద్దు. మూడోది నడిపేవాడు. ఒక డబ్బా నింపాక ఎదుటి డబ్బా నింపుతున్నాడా? ఒకే వైపు నింపి తిప్పితే బరువు ఒరిగి కుదుపుతో ఆగుతుంది. ఫోను మాట్లాడుతూ బ్రేకు వేసేవాడి రాట్నం ఎక్కకండి. బెల్టు, ఇంజను వైపు పిల్లల్ని వెళ్ళనివ్వద్దు. చున్నీ, జడ, ఓణీ లోపలికి దోపుకోండి.

ఐదేళ్ళలోపు వాళ్ళకి చేత్తో తిప్పే చిన్న రాట్నం చాలు. భయపడి ఏడిస్తే ఆపమనగానే ఆగుతుంది, పెద్దది ఆగదు.

రింగు వేస్తే వస్తువు మనదే అంటాడు, ఎప్పుడూ పడదేం?

కొలత అలా ఉంటుంది. డబ్బా ఒక మూల నుంచి ఎదుటి మూలకి 9.5 సెంటీమీటర్లు, రింగు లోపలి అడ్డం 10 సెంటీమీటర్లు అనుకోండి. సరిగ్గా మధ్యలో పడ్డా చుట్టూ మిగిలేది పావు సెంటీమీటరే. దూరం నుంచి విసిరిన రింగు ఏటవాలుగా దిగుతుంది, అంచు ముందు తగిలి ఎగురుతుంది. పడాలంటే పైనుంచి నేలకి సమంగా దిగాలి. సబ్బుబిళ్ళలాంటి చిన్న వస్తువుకి వేస్తే ఆశ ఉంది, వెనక వరసలో గోడగడియారానికి లేదు. బుడగలు కాల్చే తుపాకీ కూడా అంతే, గురి చూసే గాడి కొంచెం పక్కకి ఉంటుంది. మొదటి రెండు గుళ్ళు ఎటు పోతున్నాయో చూసి దానికి తగ్గట్టు జరపండి. పక్కన నిలబడ్డవాళ్ళ కళ్ళకి గుండు ఎగిరి తగలొచ్చు, పిల్లల్ని కాల్చేవాళ్ళ వెనకే ఉంచండి.

పైకెగిరే గ్యాస్ బుడగలు ప్రమాదమా?

పైకెగిరే బుడగల్లో చాలాచోట్ల నింపేది హైడ్రోజన్. కాస్టిక్ సోడా, అల్యూమినియం ముక్కలు, నీళ్ళు ఇనప సిలిండర్లో కలిపి అక్కడే తయారుచేస్తారు. సిలిండర్ వేడెక్కి పేలితే దగ్గరున్నవాళ్ళు బతకడం కష్టం. బుడగ కావాలంటే సిలిండర్ దగ్గరికి వెళ్ళకండి, కట్టలు పట్టుకుని తిరిగేవాడి దగ్గర కొనండి. దాన్ని కార్లోకి తేవద్దు. దీపం, అగరుబత్తి, సిగరెట్టు దగ్గరికి వస్తే భగ్గుమంటుంది. నోటితో ఊదిన బుడగకి ఈ గొడవ లేదు.

గాజుల సైజు "రెండూ నాలుగు" అంటారు, అంటే ఎంత?

రెండు అంగుళాల పైన పదహారింట నాలుగు వంతులు. అంటే గాజు లోపలి అడ్డం 57 మిల్లీమీటర్లు. రెండూ రెండు 54, రెండూ ఆరు 60, రెండూ ఎనిమిది 63.5. ఇంట్లో సరిపోయే గాజు ఒకటి తీసి లోపలి అంచు నుంచి లోపలి అంచుకి స్కేలు పెట్టి చూసుకుని రండి. మట్టిగాజులు ఒక సైజు బిగువుగా వేయించుకోవడం ముత్తయిదువుల అలవాటే గానీ, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి ఎక్కించమనండి, పగలవు, గీసుకోవు. డజను లెక్కపెట్టుకుని, ఒక్కో గాజూ వేలితో తడిమి గరుకు అతుకుందేమో చూసుకోండి.

అక్కడ పచ్చబొట్టు వేయించుకోవచ్చా?

వద్దు. ఒకే సూదితో, ఒకే సిరా గిన్నెతో పదిమందికి వేస్తారు. హెపటైటిస్-బి, సి, హెచ్‌ఐవీ అన్నీ ఆ దారినే వస్తాయి. నిమిషాల్లో నల్లగా పండే "బ్లాక్ మెహెందీ" కూడా పిల్లలకి వద్దు, అందులోని జుట్టురంగు మందుకి బొబ్బలెక్కుతాయి.

లైట్లు వెలిగే బొమ్మలు కొంటే ఏం చూడాలి?

బిళ్ళ బ్యాటరీ మూతకి స్క్రూ ఉండాలి. గోటితో ఊడొచ్చేదైతే కొనకండి. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది. మింగారని అనుమానం వస్తే ఎదురుచూడకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. లేజర్ లైటు మాత్రం ఎంత ఏడ్చినా కొనివ్వకండి.

పక్కనే కోడిపందేలట. పిల్లలకి ఒకసారి చూపిస్తే తప్పా?

చట్టం ప్రకారం నేరం. జూదానికి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం (1974), జంతువుల విషయంలో క్రూరత్వ నివారణ చట్టం (1960) వర్తిస్తాయి. చట్టం పక్కన పెట్టినా, పుంజు కాలికి కట్టేది పదునైన కత్తి. భయపడ్డ కోడి ఎగిరి జనంమీద పడితే తెగేది ఎవరికో చెప్పలేం, మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. బరి చుట్టూ గుండాట, మందు, తగాదాలు కూడా. బరి ఎటువైపో ముందే కనుక్కుని ఇంకో దారిన తీసుకెళ్ళండి.

## ఏదైనా జరిగితే

పిల్లాడు తప్పిపోతే?

ఉదయం బయల్దేరేముందు ఆ రోజు బట్టల్లో నిలువెత్తు ఫోటో తీయండి. కంగారులో చొక్కా రంగు కూడా గుర్తురాదు. ముంజేతిమీద బాల్‌పెన్నుతో మీ ఫోన్ నంబరు రాసి, జేబులో చీటీ కూడా పెట్టండి, చెమటకి చేతిమీది అక్షరాలు చెదురుతాయి. కలిసే చోటు ముందే చూపించండి. అది జైంట్ వీల్ కాకూడదు, అందరూ అక్కడే ఉంటారు. గుడి మెట్లు, మైకు పందిరి, నీళ్ళ ట్యాంకు మేలు.

తప్పిపోయాక ఒకరు ఆఖరున కలిసున్న చోటే కదలకుండా నిలబడాలి, ఇంకొకరు మైకు దగ్గరికి పరుగెత్తాలి. అందరూ వెతకడానికి పోతే పిల్లాడు వెనక్కి వచ్చినా ఎవరూ దొరకరు. మూడో మనిషి ఉంటే ముందు కాలవ వైపు పంపండి. మైకులో పిల్లాడి పేరుకన్నా మీ పేరు, నిలబడ్డ చోటు చెప్పించండి. పావుగంటలో దొరక్కపోతే 112 లేదా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.

మందుగుండు నిప్పురవ్వ పడి కాలితే?

కాలినచోట చల్లటి మంచినీళ్ళు ఇరవై నిమిషాలు ధారగా పోయాలి. ఐసు, టూత్‌పేస్టు, సిరా, పసుపు వద్దు. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీయండి. అంటుకుపోయిన బట్ట లాగకండి. ముఖం, చేతులు కాలినా, మీ అరచేతికన్నా పెద్దగా కాలినా 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు లోపలికి రాలేదు, పెద్ద రోడ్డు దాకా మోసుకెళ్ళడానికి ఇద్దర్ని పిలవండి.

ఆడవాళ్ళకి బాత్రూం సంగతి ఏంటి?

తోటలో ఉండదనే అనుకోండి. ఊరి నడిమి ఇళ్ళల్లో అడిగితే పండగ రోజున కాదనరు. ఎక్కువచోట్ల కాఫీ తాగి వెళ్ళమంటారు కూడా. "వస్తామండి, చీకటి పడుతుంది" అంటే "ఆయ్, జాగ్రత్తండి" అని పంపిస్తారు. తీర్థంలోకి దిగకముందే ఆ పని చూసుకోండి, గుంపులోంచి బయటికి రావడానికే అరగంట పడుతుంది.

మోకాళ్ళ నొప్పులున్న నానమ్మగారు వస్తానంటున్నారు.

తీసుకెళ్ళండి, ప్రభ ఆవిడకే ఎక్కువ ముఖ్యం. తోటదాకా నడిపించకుండా, ప్రభ వచ్చే దారిలో ఎవరింటి అరుగుమీదో కూర్చోబెట్టండి. మడత స్టూలు పట్టుకెళ్తే ఇంకా మేలు. ప్రభే ఆవిడ ముందునుంచి వెళ్తుంది. మందులు వేసుకునే వేళ దాటకుండా చూడండి, పక్కన ఒక మనవణ్ణి ఉంచండి.

## తిరుగు ప్రయాణం

ఎప్పుడు బయల్దేరితే ఇరుక్కోకుండా ఉంటాం?

ప్రభలు తిరుగుముఖం పట్టడానికి ఇరవై నిమిషాల ముందు, లేదా అవి ఊరు దాటిన గంట తర్వాత. మధ్యలో కదిలితే ప్రభ వెనకే నడక వేగంతో వెళ్ళాలి, దాటడానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. పిల్లలు నిద్రకి వస్తుంటే ముందే కదలండి. రాత్రి పొలాల్లో మంచు దిగితే కాలవగట్టు రోడ్డు అంచు కనిపించదు, హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడలా ఉంటుంది. లోబీమ్ వేసి నెమ్మదిగా రండి.

ఇంటికి తెచ్చిన జీళ్ళు ఎన్నాళ్ళుంటాయి?

గట్టి మూత డబ్బాలో, అడుగున బియ్యప్పిండి చల్లి, వరసకీ వరసకీ మధ్య కాగితం పరిస్తే పది పదిహేను రోజులు. ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటికి తీయగానే చెమర్చి ముద్దయిపోతాయి. ముద్దయినా పారేయక్కర్లేదు. పైన ఇంకాస్త నువ్వులు దొర్లించి, ఒక గంట ఫ్యాను కింద ఆరబెట్టి, ఆ పూటకే తినేయండి.